మూడు తడవలు

శనివారం పొద్దున పదకొండు గంటలకు పురుషోత్తమన్ టీ తాగడానికి పోతూ గల్లాపెట్టెను చంకలో పెట్టుకొని పోయాడు.

రుక్మణి అప్పుడు ఒక పాత స్కూటర్ సీటును ఒళ్ళో బోర్లించుకొని, స్క్రూడ్రైవరు మొనతో పాత రెక్సిన్ ఊడదీస్తూ ఉంది. తలెత్తి చూసింది. టేబులు మీద గల్లాపెట్టె ఉండే చోట దుమ్ము లేని నలుచదరం ఒకటి కనిపించింది. ఆ డబ్బా అక్కడి నుంచి కదలడం తను పనికి చేరిన ఈ పదకొండేళ్లలో ఆమె చూడలేదు. ముదలియార్‌పేట మెయిన్ రోడ్డు మీద, బస్సు స్టాపుకు పది అడుగుల దూరంలో ఉన్న, బండి సీట్లు కుట్టే షాపు అది. పురుషోత్తమన్ భోజనానికి ఇంటికి పోయినా, సరుకు కోసం బజారుకు పోయినా, గిరాకీ ఇచ్చిన దుడ్డు రుక్మణే ఆ డబ్బాలో వేసి చిల్లర తీసిచ్చేది.

ఆయన పావుగంటలో తిరిగొచ్చాడు. ఎప్పటిలాగే ఆమెకు పార్సిలు టీ తెచ్చాడు. ఆమె ముఖం చూడకుండా టీని మిషను పక్కన పెట్టి, డబ్బాను మళ్ళీ ఆ నలుచదరంలోనే పెట్టాడు.

"ఏందన్నా, డబ్బా కూడా టీ తాగొచ్చిందా?"

"కాలం బాగలేదు రుక్మణీ" అన్నాడాయన, స్పాంజి షీటు మీద చాక్‌పీసుతో గీత గీస్తూ. గీత వంకరగా పోయింది.

కాలం బాగలేదన్నది నిజమే. గురువారం ఆయన భార్య అమ్మాయమ్మను మోకాళ్ళ నొప్పికి గోరిమేడు ఆసుపత్రికి తీసుకుపోయాడు. వెనక జేబులో ఉంటే నడుము నొప్పి అని పర్సును స్కూటరు సీటు కింద పెట్టి, బండిని బయట రోడ్డు మీద ఆపాడు. ఊళ్ళో వాళ్ళ సీట్లన్నీ బాగుచేసే మనిషికి తన సీటు తాళం బాగుచేసుకోవడానికి రెండేళ్లుగా తీరలేదు. కొంచెం ఎత్తి లాగితే చాలు, తెరుచుకుంటుంది. వాళ్ళు బయటికొచ్చేసరికి పర్సు లేదు. అందులోని కార్డుతో పక్క వీధి ఏటీఎంలో ఎవరో రెండు తడవలుగా ఇరవై వేలు తీసేశారు. ఆయన ఫోను చేసి ఏడుపు గొంతుతో చెబితే, షాపులో ఒంటరిగా ఉన్న రుక్మణే బ్యాంకు నంబరు వెతికి, ఒకటి నొక్కు, తొమ్మిది నొక్కు అంటుంటే నొక్కి, పాట విని, మళ్ళీ నొక్కి, అరగంటకు ఆ కార్డును ఆపించింది.

డబ్బా కదిలిన ఆ శనివారం సాయంత్రం అమ్మాయమ్మ కుంటుకుంటూ షాపుకు వచ్చింది. పురుషోత్తమన్ స్పాంజి అంటించే గమ్ము కొనడానికి పోయి ఉన్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, చీర కొంగును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కాసేపు రోడ్డు చూసింది.

"ఏంది వదినా, నొప్పి తగ్గలేదా?"

"నొప్పి కాదులేమ్మా. ఒక మాట. నువ్వు మనసులో పెట్టుకోగూడదు. నిన్న స్టేషన్లో మీ అన్న నీ పేరు చెప్పినాడు."

రుక్మణి చేతిలో కత్తెర అట్లే తెరుచుకొని ఉండిపోయింది. "నా పేరా? ఎందుకు?"

"ఆ ఏటీఎం నంబరు ఎవరెవరికి తెలుసునని అడిగినారంట. తనకూ, షాపులో రుక్మణికీ అన్నాడంట. సుమ్మా, ఊరికే అడిగినదానికి చెప్పినాడమ్మా, నువ్వు తీసినావని కాదు. నాకు ఆ మిషను దగ్గరికి పోవడమే రాదు గదా. పోయినేడు ఆయనకు గుండెకు పైపు పెట్టినప్పుడు నువ్వే గదా పోయి తీసుకొస్తివి."

"తీసుకొచ్చి, ఆయన నంబరు రాసిచ్చిన చీటీ, కార్డు, దుడ్డు మూడూ నీ చేతిలోనే పెడితిని గదా వదినా."

"పెట్టినావు. నేను కాదన్నానా?"

"అన్నకు చెప్పినావా ఆ మాట?"

అమ్మాయమ్మ కొంగు ముడి విప్పడంలో పడిపోయింది.

సోమవారం స్టేషను నుంచి పిలుపు వచ్చింది. రుక్మణి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుంది. హెడ్ కానిస్టేబుల్ పెరుమాళ్ చెడ్డవాడిలాగా ఏమీ లేడు. కసరలేదు, నీళ్లు కావాలా అని కూడా అడిగాడు. పేరు, ఊరు, అద్దె ఇంటి అడ్రసు రాసుకున్నాడు. ఎదురుగా టేబులు మీద బ్యాంకు ఇచ్చిన కాగితం ఉంది. దాని మీద వేలు పెట్టి తమిళంలో చదివాడు. సరైన నంబరు కొట్టే డబ్బు తీశారు కాబట్టి ఆ నంబరు తెలిసినవాళ్ళ పనే అయి ఉండాలి, దీనికి బ్యాంకు బాధ్యత లేదు.

"నీకు ఆ నంబరు తెలుసు గదా?"

"పోయినేడు చీటీలో చూసి కొట్టినా సార్. ఇప్పుడు గుర్తు లేదు."

"నాలుగు అంకెలమ్మా. అదెట్ల గుర్తు లేకుండా పోతుంది?"

"నాది కాదు గదా సార్ గుర్తు పెట్టుకోడానికి!"

పెరుమాళ్ పెన్ను మూత పెట్టి మళ్ళీ తీశాడు. గుర్తుందంటే దొంగ. గుర్తు లేదంటే అబద్ధాలకోరు. ఏం చెబితే ఈ మనిషి పెన్ను కింద పెడతాడో రుక్మణికి తెలియలేదు.

"గురువారం నేను షాపులో ఉన్నా సార్. యాడికీ పోలేదు."

"నువ్వే పోయినావని ఎవరన్నారు? ఫోన్లో నంబరు చెబితే చాలు. గోరిమేడులో మీ వాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా పిన్నమ్మ కొడుకు ఉండాడు. ఈ ఊర్లో గోరిమేడులో మనుషులు లేనోళ్ళు ఎవరు సార్?"

ఆయన అది కూడా రాసుకున్నాడు. ఏటీఎం కెమెరాలో హెల్మెట్టూ మాస్కూ పెట్టుకున్న మగమనిషి కనపడ్డాడట. పూర్తి వీడియోకు ఉత్తరం పోయిందట. పదిహేను రోజులు పడుతుందట. అంతవరకు ఊరు విడిచి పోవద్దన్నాడు.

ఇంటికి పోయేసరికి ఇంటి ఓనరమ్మ అంబుజం వాకిట్లోనే నిలబడి ఉంది. "స్టేషన్లో ఏం పని రుక్మణీ నీకు?" అని అడిగింది. అడిగి, జవాబు కోసం ఆగకుండా, కొళాయి బిల్లు సంగతి మాట్లాడింది. రుక్మణి అన్నం పళ్ళెం పక్కకు నెట్టింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా దురదగుంట ఆకు తగిలినట్టు చిరచిరలాడింది.

మంగళవారం సగం రోజు సెలవు చెప్పి బ్యాంకుకు పోయింది. టోకెను తీసుకుంది. ఆ టోకెను వేరే కౌంటరుది అన్నారు. ఇంకొకటి తీసుకుంది. ఆ కౌంటరులో మనిషి లేచిపోయాడు. చివరికి కిటికీ పక్క టేబులు దగ్గరికి పంపారు. అక్కడ కూర్చున్న అమ్మాయి మెడలో కావ్యశ్రీ అని పేరు పట్టీ వేలాడుతోంది. రుక్మణి తమిళంలో మొదలుపెట్టి, కోపంలో తెలుగులోకి జారిపోయింది.

"మీరు తెలుగువాళ్ళా అండీ?" అంది ఆ అమ్మాయి ముఖం విప్పారి. "మాది యానాం. ఆర్నెల్లైంది ఇక్కడికొచ్చి. కూర్చోండి."

రుక్మణి కూర్చోలేదు. "అమ్మా, ఒకటే అడగతా. నంబరు తెలియకుండా మిషన్లో దుడ్డు తీయొచ్చునా, తీయగూడదా? మీ బ్యాంకేమో తెలిసినోళ్ళే తీసినారని రాసిచ్చింది. ఆ తెలిసినదాన్ని నేనంట."

కావ్యశ్రీ సంగతంతా విన్నది. "ఆయన ఖాతా గురించి నేను మీకు చెప్పకూడదండి. మామూలుగా చెబుతాను, వినండి. నాలుగు అంకెలతో పదివేల నంబర్లు వస్తాయి. మిషను మూడుసార్లే ఒప్పుకుంటుంది. మూడూ తప్పైతే ఆ రోజుకు కార్డు పనిచేయదు. లెక్క చూస్తే దొంగకు తగలడం చాలా కష్టం."

"అంటే నేనే."

"ఉండండి. జనం ఆ పదివేల్లోంచి ఏరుకోరుగా. పుట్టిన సంవత్సరం పెడతారు. పెళ్ళిరోజు పెడతారు. ఒకటి రెండు మూడు నాలుగు పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంటి నంబరు, బండి నంబరు. పర్సులో ఆధార్ కార్డు ఉందంటే పుట్టినరోజు దొంగ చేతికిచ్చినట్టేగా. తెలివైనవాడికి మూడుసార్లు చాలు."

రుక్మణి అప్పుడు కూర్చుంది. "ముందు తప్పు నంబరు కొట్టి, తర్వాత కరెక్టు కొట్టుంటే, అది మీకు తెలుస్తుందా?"

"ఏ నంబరు కొట్టారో మాకు తెలీదు. తప్పు కొట్టారా లేదా అన్నది టైముతో సహా తెలుస్తుంది. కానీ ఖాతా ఉన్నాయన వచ్చి అడగాలి. అడిగితే వెంటనే తెప్పిస్తాను."

మధ్యాహ్నం షాపుకు వచ్చి చెప్పేసరికి పురుషోత్తమన్ ముఖం ముడుచుకున్నాడు. ఒక బుల్లెట్ బండి సీటుకు కొత్త తోలు లాగి పట్టుకొని ఉన్నాడు. రుక్మణి ఇంకో కొస పట్టుకుంటేనే అది ముడతలు లేకుండా కూర్చుంటుంది.

"పోనీ వదిలెయ్ రుక్మణీ. పోయింది పోయింది. నేను నిన్నేమన్నా అన్నానా?"

"అనలేదన్నా. అనుంటే బాగుండేది. అంటే నేనూ నాలుగు మాటలు అడిగుంటా. మీరు నన్నేమీ అనరు. డబ్బా చంకలో పెట్టుకొని పోతారు. స్టేషన్లో పేరు రాయించి వస్తారు. మళ్ళీ నాకు టీ తెస్తారు."

"అడిగినారు, చెప్పినా. అబద్ధం చెప్పమంటావా?"

"ఆ చీటీ వదిన చేతికిచ్చినానన్నది కూడా నిజమే గదా. అది ఎందుకు చెప్పలేదు?"

ఆయన తోలు కొస ఇంకా గట్టిగా లాగాడు. రెండో వైపు ఎవరూ పట్టుకోలేదు. తోలు ఒక పక్కకు జరిగిపోయింది.

"సాయంత్రం ఆరింటికి బుల్లెట్ ఆయన వస్తాడు" అన్నాడు.

"వస్తాడు. రేపు పదింటికి మీరు బ్యాంకుకు వస్తానంటే ఇప్పుడు పట్టుకుంటా."

పురుషోత్తమన్ సీటు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. "వస్తాలే పట్టుకో" అన్నాడు. రుక్మణి రెండో కొస పట్టుకుంది. తోలు ముడత లేకుండా కూర్చుంది.

మర్నాడు కావ్యశ్రీ ఆయన చేత రెండు కాగితాల మీద సంతకాలు పెట్టించుకొని, ఒక ప్రింటు తీసి టేబులు మీద పెట్టింది. నాలుగే వరుసలు. నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు తప్పు నంబరు. అదే నిమిషంలో ఇంకొక తప్పు నంబరు. పదమూడు నిమిషాలకు పదివేలు. పద్నాలుగు నిమిషాలకు ఇంకో పదివేలు.

"చూసినారా అన్నా" అంది రుక్మణి. "నేను నంబరు చెప్పి పంపింటే, వాడు రెండు తడవలు ఎందుకు తప్పు కొడతాడు?"

"తొందరలో కొట్టుండొచ్చు గదా. చెయ్యి వణికుండొచ్చు."

రుక్మణికి ఆ టేబులు మీది స్టాంపు ఎత్తి కిటికీకి విసరాలనిపించింది. విసరలేదు. కావ్యశ్రీ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"సార్, మీ పాత నంబరు నాకు చెప్పకండి. నేను చెప్పేది అవునో కాదో కూడా చెప్పకండి. ఊరికే వినండి. పర్సులో ఆధార్ ఉందా?"

"ఉండింది."

"అయితే నేను దొంగనైతే ముందు మీరు పుట్టిన సంవత్సరం కొడతాను. రెండోసారి పుట్టిన తేదీ, నెల కొడతాను. రెండూ తప్పైతే ఇంకొక్కసారే ఉంది. ఆలోచిస్తాను. పర్సు ఎక్కణ్ణుంచి తీశాను?"

"బండి... సీటు కింద నుంచి."

"బండి నంబరు ప్లేటు మీద నాలుగు అంకెలు ఉంటాయి కదండీ."

పురుషోత్తమన్ భుజం మీది తుండుతో మెడ తుడుచుకున్నాడు. ఫ్యాను నేరుగా ఆయన మీదికే తిరుగుతోంది. మళ్ళీ తుడుచుకున్నాడు. హెల్మెట్టును ఒక మోకాలి మీది నుంచి ఇంకో మోకాలి మీదికి మార్చాడు.

రుక్మణి అద్దాల తలుపులోంచి బయటికి చూసింది. మెట్ల కింద ఆయన బూడిదరంగు స్కూటరు నిలబడి ఉంది. తెల్లటి ప్లేటు మీద నాలుగు, ఏడు, సున్నా, ఆరు. ఆసుపత్రి మంచం మీద ఆయన వణుకుతూ రాసిన చీటీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. ఆ సున్నా గుడ్డులాగా సాగి ఉండింది. ఆ ప్లేటును ఆమె రోజూ పొద్దునా సాయంత్రం చూస్తూనే ఉంది. ముదలియార్‌పేటలో ఆ రోడ్డు మీద నడిచే ప్రతివాడూ చూస్తూనే ఉన్నాడు.

"ఇది నేను పైకి రాసి పంపుతాను సార్" అంది కావ్యశ్రీ. "రెండు తప్పుల సంగతి చూసి వాళ్ళేమంటారో నేను మాటివ్వలేను. కొత్త కార్డు వచ్చాక మాత్రం ఎవరికీ తట్టని నంబరు పెట్టుకోండి."

మెట్లు దిగాక ఆయన బండి తాళం తీసి, ప్లేటు వైపు చూడకుండా సీటు మీది దుమ్ము తట్టాడు.

"షాపుకు పోదామా" అన్నాడు.

"స్టేషన్‌కు పోదాం."

"రేపు పోదాంలే. గిరాకీ ఉండాది."

"రేపు కాదన్నా. ఈపొద్దే. మీరు నోటితో చెప్పినారు నా పేరు. నోటితోనే తీయండి. నా ముందర."

స్టేషన్లో పెరుమాళ్ ఆ ప్రింటును రెండుసార్లు చదివాడు. "మూడోది ఏమని కొట్టుంటాడు?" అని అడిగాడు. పురుషోత్తమన్ గోడ మీది క్యాలెండరు చూస్తూ "బండి నంబరు" అన్నాడు. పెరుమాళ్ నవ్వబోయి ఆగిపోయాడు. బయట ఎండలో నిలబెట్టిన తన బైకు వైపు కిటికీలోంచి ఒక చూపు చూసి, ఏమీ ఎరగనట్టు కాగితాలు సర్దుకున్నాడు.

పేరు తీయాలంటే అర్జీ కావాలన్నాడు. తెల్ల కాగితం స్టేషన్లో లేదు. రుక్మణే పక్క అంగడికి పోయి రెండు కాగితాలు కొనుక్కొచ్చింది. పురుషోత్తమన్ తమిళంలో మెల్లగా, ఒక్కో అక్షరం గుండ్రంగా రాశాడు. రుక్మణి భుజం పక్కన నిలబడి చదివింది.

"ఏందన్నా ఇది? 'మరచిపోయి ఆమె పేరు చెప్పితిని' అంటే ఏంది? ఏం మరచిపోయినారు మీరు?"

"అట్లే రాస్తారు రుక్మణీ. మర్యాదగా ఉంటుంది."

"ఎవరికి మర్యాద?"

ఆయన పెన్ను పట్టుకొని కూర్చున్నాడు. పెరుమాళ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి పురుషోత్తమన్ ఆ మాట కొట్టేసి, పైన 'తప్పుగా' అని రాశాడు. సంతకం పెట్టి, ఆ కాగితాన్ని పెరుమాళ్ చేతికి కాకుండా ముందు రుక్మణి చేతికిచ్చాడు. ఆమె ఇంకోసారి చదివి టేబులు మీద పెట్టింది.

మరుసటి రోజు నుంచి పనికి మామూలుగా వచ్చింది. పొద్దున తొమ్మిదికి వచ్చేది. సాయంత్రం ఆరు కొట్టగానే సగం కుట్టిన సీటైనా సరే మిషను మీద వదిలి, చేతులు కడుక్కొని పోయేది. గిరాకీ దుడ్డు ఇవ్వబోతే "ఆయనకియ్యండి" అనేది. పురుషోత్తమన్ లేకుంటే, ఆయన వచ్చేదాకా గిరాకీ నిలబడేవాడు. ఒకడు విసుక్కుని వెళ్ళిపోయాడు కూడా. 

తరువాతి శనివారం కొత్త కార్డు వచ్చింది. కొత్త నంబరు పెట్టుకోవాలి, ఏటీఎం అక్షరాలు తనకు కనపడవు, తోడు రమ్మన్నాడు పురుషోత్తమన్. రుక్మణి ఆయనతో నడిచింది. ఏటీఎం తలుపు దాకా పోలేదు. మెట్ల దగ్గర ఆగి, "ఇంగ్లీషు వద్దు, తమిళం నొక్కండి. పెద్ద అక్షరాలుంటాయి" అని చెప్పి, రోడ్డు దాటి అవతలి మెడికల్ షాపు ముందర నిలబడింది. మధ్యలో బస్సులు పోతున్నాయి. ఆయన లోపలి నుంచి చెయ్యి ఊపి పిలిచాడు. ఆమె వీపు తిప్పుకొని మెడికల్ షాపులోని దగ్గు మందుల వరుస చూస్తూ నిలబడింది.

ఆయన బయటికొచ్చి, రోడ్డు ఇవతలి నుంచే సంతోషంగా అరిచాడు. "అయిపోయింది రుక్మణీ! ఈ తడవ ఎవరబ్బ తరమూ కాదు. ఏం పెట్టినానో తెల్సా, మన..."

"చెప్పొద్దన్నా!"

ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. బస్సు స్టాపులో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. పురుషోత్తమన్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడ్డాడు. ఆమె చెవుల మీది చేతులు తీయకుండానే షాపు వైపు నడక మొదలుపెట్టింది. ఆయన చాలా దూరం వెనకాలే, కార్డును చొక్కా లోపలి జేబులో పెట్టుకొని వచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం, రెక్సిన్ కొట్టుకు ఇవ్వాల్సిన దుడ్డు తేవడానికి ఏటీఎంకు పోయిన మనిషి వట్టి చేతులతో వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. హెల్మెట్టు కూడా తీయలేదు. షాపు వాకిట్లో ఒక గిరాకీ తన బండి సీటు ఎప్పటికి అవుతుందని నిలబడి ఉన్నాడు. రుక్మణి అదే సీటు అంచు సూదితో కుడుతోంది.

"ఏందన్నా?"

"లాక్ అయిపోయింది."

"ఏది?"

"కార్డు. మూడు తడవలు కొట్టినా. మూడూ తప్పంట. ఎవరికీ తట్టగూడదని ఏదేదో తలకిందులు చేసి పెట్టినా. అది నాకే తట్టలా." హెల్మెట్టు లోపలి నుంచి ఆయన గొంతు బావిలో నుంచి వచ్చినట్టుంది. "ఆ దొంగనాయాలికి మూడో తడవకు దొరికింది రుక్మణీ. నాకు దొరకలా."

రుక్మణి సూది రెక్సిన్‌లో సగం దిగి ఆగింది. ఆయన ఆమె వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి. "నీకేమన్నా..." అన్నాడు.

ఆమె సూదిని అలాగే పట్టుకొని, ఆయన ముఖంలోకి చూస్తూ, ఆ మాట పూర్తయ్యేదాకా ఆగింది.

పురుషోత్తమన్ హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నుదుటి మీద దాని అంచు ఎర్రగా పడి ఉంది.

"నీకెట్ల తెలుస్తుందిలే" అన్నాడు, వాకిట్లో ఉన్న గిరాకీకి కూడా వినపడేంత గట్టిగా. "నువ్వు రోడ్డు అవతల గదా నిలబడి ఉంటివి."

గిరాకీకి ఏమీ అర్థం కాక ఇద్దరినీ చూశాడు. రుక్మణి సూదిని అవతలి వైపుకు లాగింది.

"రేపటికి తెరుచుకుంటుందంట. ఇంటికి పోయి నిదానంగా గుర్తు చేసుకోండి" అంది. "ఎవరినీ అడగొద్దండి."

తరువాత దారం కొరికి, సీటు తిప్పి, ఇంకో అంచు మొదలుపెట్టింది.